పక్కింటి మొద్దులు

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ రెండేండ్లు మంచి మాటల్లేవు. పొలం గట్టు మీదనో, ఆస్తి పంపకం మీదనో వచ్చిన పగ కాదు. కట్టెలు. వాళ్ళ కట్టెలు మా గోడకు ఆనుకుని ఉండేవి, అంతే. ఇప్పుడు చెబితే మా పిల్లలు నవ్వుతారు. అప్పుడు మాత్రం ఆ కట్టెల మూలంగా మా ఇంట్లో ఒక్క పూటైనా నిమ్మళంగా అన్నం తిన్న జ్ఞాపకం నాకు లేదు.

మేముండేది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లలో. ఒక్కో కప్పు కింద రెండు ఇళ్ళు. వెనుక రెండు చిన్న పెరళ్ళు, వాటి నడుమ నా గడ్డం దాకా వచ్చే గోడ. పెరళ్ళు దాటి వెనుక గల్లీలోకి వెళ్ళడానికి రెండు ఇళ్ళకూ కలిపి ఒకటే దారి, ఒకటే చిన్న గేటు. మా బాపు బాయిలో పని చేసేవాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. షిఫ్టు వారం వారం మారేది. బాపు పగలు నిద్రపోయే వారాల్లో మేము గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం, గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేవాళ్ళం.

పక్కింటామెను నేనూ తమ్ముడూ పెద్దమ్మ అనేవాళ్ళం, ఆమె భర్తను పెద్దనాయన. చుట్టరికం ఏమీ లేదు, వరుస కలుపుకోవడమే. వాళ్ళ ఆడపిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు, ఇంట్లో మిగిలింది ఇద్దరే. పెద్దమ్మ చేతి వంటకు మా వైపు మంచి పేరుండేది. పురుడుకనీ, పుట్టువెంట్రుకలకనీ, చిన్న చిన్న పెండ్లిళ్ళకనీ ఆమెను వంటకు పిలిచేవారు. అప్పటికే మా క్వార్టర్ల లైనులో చాలామందికి గ్యాసు పొయ్యిలు వచ్చాయి. కానీ వందమందికి అన్నం ఉడికే గంజు గ్యాసు పొయ్యి మీద కూర్చోదు కదా. అందుకని ఆమెకు కట్టెలు కావాలి. ఆరు నెలలకోసారి ట్రాక్టరు వచ్చి వెనుక గల్లీలో ఒక లోడు దింపి పోయేది. అందులో సన్నకట్టెలూ ఉండేవి, ఇద్దరు పట్టినా కదలని తుమ్మ మొద్దులూ ఉండేవి.

నేను మరీ చిన్నగా ఉన్నప్పుడు ఆదివారం పొద్దున పెద్దనాయన ఆ మొద్దులు కొట్టేవాడు. నేను ఒక రాయి ఎక్కి గోడ మీద గడ్డం ఆనించి చూసేదాన్ని. దెబ్బకు ఒక చెక్క లేచేది. ఆయన ఒక్కో చెక్క తీసి అట్టపెట్టెలు పేర్చినట్టు పేర్చేవాడు. ఎందుకో ఒక ఎండాకాలం తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయిందని నేను గమనించనేలేదు. మాకందరికీ కనబడింది పెరుగుతున్న కుప్ప ఒక్కటే.

ముందు గోడ వారగా ఒక వరుస వేశారు. తర్వాత గోడకు ఆనించి ఇంకో వరుస. ఆ తర్వాత గోడ ఎత్తు దాటింది. మొద్దులు జారి జారి వెనుక దారిలోకి వచ్చాయి. బాపు సైకిలు ఆ దారిలో పట్టక ముందు నుంచి ఇంట్లోకి మోసుకొచ్చి, వంటింట్లోంచి పెరట్లోకి తీసుకుపోవలసి వచ్చేది. వానాకాలం రాగానే మా వెనుక దర్వాజ చట్రానికి మట్టి గీతలు ఎక్కాయి. చెదలు. అమ్మ చీపురుతో దులిపితే, పొద్దునకు మళ్ళీ అక్కడే ఉండేవి.

మా అమ్మ పుట్టుకతో జగడాల మనిషి కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మొదట ఆమె చాలా మర్యాదగానే అడిగింది.

"అక్కా, జర ఆ మొద్దులు గోడకు దూరం జరుపుండ్రి. చెదలు మా దర్వాజకు ఎక్కుతున్నయ్."

"జరుపుతం తియ్," అంది పెద్దమ్మ.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. అమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. మూడోసారి అడిగితే పెద్దమ్మ గొంతు మారింది. "నా జాగల నా కట్టెలు వెట్టుకున్న. నీకేం నొప్పి?" అంది. అంతకుముందు ఆమె అట్లా మాట్లాడటం నేను వినలేదు. అమ్మ కూడా వినలేదు. ఇంట్లోకి వచ్చి చాలాసేపు చేతిలో చీపురు పట్టుకునే నిలబడింది.

అప్పటి నుంచి అమ్మ తిరగని గడప లేదు. మా లైనులో పెద్దమనిషి అని పేరున్న ఒక రిటైరైన తాత ఉండేవాడు. ఆయన మా ఇంట్లో చాయ తాగి "న్యాయం నీ దిక్కే ఉన్నది బిడ్డా" అన్నాడు. పక్కింటికి పోయి అక్కడా చాయ తాగాడు. వాళ్ళతో కూడా అదే మాట అన్నాడని తర్వాత తెలిసింది. కాలనీ చూసుకునే అతనొకడు వచ్చి రెండు పెరళ్ళూ చూసి, "ఇది మీరు మీరు మాట్లాడుకునేది గదమ్మా" అని వెళ్ళిపోయాడు. బాపుకు చెబితే, "పోనియ్యరాదు, ఉన్నయి నాలుగు కట్టెలే గదా" అని అటు తిరిగి పడుకునేవాడు. బాపు అట్లా అన్న ప్రతిసారీ అమ్మ ముఖంలో కనబడిన విసుగు నాకు ఇప్పుడు బాగా అర్థమవుతుంది. మనం అడుగుతున్నది న్యాయమే అని అందరూ ఒప్పుకుంటారు, కానీ పని మాత్రం జరగదు. దానికంటే మనిషిని పిచ్చెక్కించేది ఇంకొకటి లేదు.

ఒకరోజు మంచినీళ్ళ నల్లా దగ్గర, పదిమంది ఆడవాళ్ళ ముందర, అమ్మ ఓర్చుకోలేక అనేసింది. "కూసుండి చేసే డ్యూటే గదా నీ పెనిమిటిది. ఆదివారం నాడు గొడ్డలి వడితె చెయ్యి అరుగుతదా?" అప్పటికి పెద్దనాయన బాయి లోపలికి దిగడం మానేసి, పైన దీపాల గదిలో బాయిలోకి దిగేవాళ్ళకు లైట్లు ఇచ్చే పనిలో ఉన్నాడు. పెద్దమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని పోయింది. అమ్మ గెలిచిందనే అనుకున్నాను నేను. నల్లా దగ్గరున్న ఆడవాళ్ళు మాత్రం అమ్మ వైపే అదోలా చూశారు. ఆ రోజు నుంచి మా లైనులో అమ్మకు గయ్యాళి అని పేరు పడిపోయింది. తప్పు చేసింది వాళ్ళు, పేరు పోయింది మాది.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఎండలు మొదలైన రోజుల్లో తమ్ముణ్ణి తేలు కుట్టింది. వాడికి నాలుగేండ్లు. గోడ వారన గోలీ పడిపోతే తీసుకోబోయాడు. బాపు రెండో షిఫ్టులో ఉన్నాడు. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తింది, నేను ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని వెనుక పరుగెత్తాను. ఆటోలో వాడి చెయ్యి నా ఒళ్ళో ఉంది. ఏడ్చి ఏడ్చి వాడికి గొంతు పోయింది. దవాఖానలో సూది ఇచ్చి, ఒక పూట ఉంచుకుని పంపించారు. ప్రాణానికేం కాలేదు. కానీ అమ్మ ఆ రోజు ఏడవలేదు, తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది.

ఆ మర్నాటి నుంచి నేనొక పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు చెంబుతో నీళ్ళు తీసుకుపోయి, గోడ మీదుగా వాళ్ళ కట్టెల మీద పోసేదాన్ని. నాలుగు చెంబులు, ఐదు చెంబులు. ఎవరూ చూడలేదనుకున్నాను. పదిరోజుల తర్వాత వెనుక లైనులో ఒక పాపకు ఇరవై ఒకటో రోజు చేశారు. పెద్దమ్మదే వంట. కట్టె అంటుకోలేదు. పొగ లైనంతా కమ్మింది. అన్నం పలుకు పలుకుగా ఉండిపోయింది. వచ్చినవాళ్ళు విస్తరాకుల ముందు కూర్చుని గొణుక్కున్నారు. సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకేనని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాతి నెలలో జరిగిన పెండ్లికి ఆమెను కాకుండా వేరేవాళ్ళను పిలిచారని తెలిసినప్పుడు ముందు సంబరపడ్డాను. ఆ సంబరం రెండో రోజుకే చేదెక్కింది, కానీ ఎవరికి చెప్పుకోను?

ఆ ఎండాకాలంలోనే అమ్మ ఎస్‌టీడీ బూతుకు పోయి వాళ్ళ ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి మా తాతను పిలిపించింది. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, మంథని అవతల ఒక పల్లెలో వ్యవసాయం చేసేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పొలం గెట్టు పంచాయితీ ఏదొచ్చినా ఆయన్నే పిలిచేవారు. ఆయన వచ్చి నాలుగు మాటలు అడిగితే పక్కింటివాళ్ళు దారికొస్తారని అమ్మ ఆశ. తాత బస్సు దిగి వచ్చిన సాయంత్రం అమ్మ అన్నం పెడుతూ రెండేండ్ల కథంతా చెప్పింది. తేలు సంగతి దగ్గర తమ్ముడి చెయ్యి పట్టి చూపించింది. తాత అన్నీ విని, చెయ్యి కడుక్కుని, "చూస్త బిడ్డా" అన్నాడు. అంతే.

చూశాడు. నిజంగా చూడటమే చేశాడు. మూడు రోజులు పెరట్లో మంచం వేసుకుని కూర్చున్నాడు. బీడీ ముట్టించుకుని ఆ కట్టెల కుప్ప వంకే చూసేవాడు. ఒకటి రెండుసార్లు గోడ దగ్గరకు పోయి మొద్దుల మీద చెయ్యి పెట్టి చూశాడు. పక్కింటికి పోలేదు, ఒక్క మాట అనలేదు. అమ్మ వంటింట్లోంచి ఆయన్ను చూసి గరిటె గిన్నెకేసి కొట్టేది. రెండో రోజు రాత్రి, "నాయినా, నిన్ను పిలిచింది కట్టెలను కావలి కాయనీకి కాదు" అని కూడా అంది. తాత నవ్వలేదు, కోపగించుకోలేదు.

మూడో రోజు ఆయన పక్కన కూర్చుని నేనే అడిగాను, తాతా, ఏం చూస్తున్నావని. ఆయన నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు.

"సన్నకట్టె పోతంది. మొద్దు మిగులుతంది. రెండేండ్ల సంది మిగిలిన మొద్దులే గివన్ని. వాళ్ళింట్ల కట్టె కొట్టేటోడు లేడు బిడ్డా."

పెద్దనాయన ఉన్నాడు కదా అన్నాను. తాత ఇంకో బీడీ ముట్టించుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున, ఎండ ఇంకా ముదరకముందే, గోడ అవతల నుంచి గొడ్డలి చప్పుడు వినబడింది. ఎన్నాళ్ళకో వినబడిన చప్పుడు. నేనూ తాతా కుప్ప లేని చోట గోడ దగ్గరకు పోయాం. పెద్దనాయన బనీనుతో నిలబడి ఒక మొద్దు మీద దెబ్బ వేశాడు. రెండో దెబ్బ వేశాడు. మూడో దెబ్బకు గొడ్డలి మొద్దులో దిగి ఉండిపోయింది. ఆయన దాన్ని లాగలేదు. అక్కడే కూర్చుండిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి నోరు తెరిచాడు. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఎక్కడో పిల్లి కూసినట్టు ఆయన ఛాతీలోంచి చప్పుడు వస్తోంది. పెద్దమ్మ ఉరికొచ్చి ఆయన వీపు రాస్తూ, "నీకు చెప్పిన గదా, వద్దంటి గదా" అంటోంది. అంతలో ఆమె తల ఎత్తింది. గోడ మీద మా రెండు తలలూ చూసింది.

"ఏం జూస్తున్నరు? తమాషా నడుస్తందా ఈడ?" అని అరిచింది.

ఆ అరుపు రెండేండ్ల నుంచి నేను వింటున్న అరుపే. కానీ ఆ రోజు మొదటిసారి ఆమె ముఖం చూస్తూ విన్నాను. ఆమెకు కోపం లేదు. భయంగా ఉంది.

తాత వెనుక గేటు చుట్టి వాళ్ళ పెరట్లోకి పోయాడు. నేను ఆయన వెంటే పోయాను. ఇప్పుడు పంచాయితీ మొదలవుతుందనుకున్నాను. ఆయన మాత్రం ఒక మొద్దు మీద కూలబడి, నడుం పట్టుకుని, అలసిపోయినవాడిలా మాట్లాడాడు.

"బిడ్డా, జర మంచినీళ్ళియ్యి. మాది కష్టం జేసే పెయ్యి. ఈడికచ్చి మూడు దినాలు కూసునేసరికి కాళ్ళు చేతులు వట్టుకపోయినయ్, రాత్రి నిద్ర వడ్తలేదు. మా బిడ్డ ఇంట్ల నాకు ఏం పని చెప్పది. పుణ్యముంటది, నాకీ నాలుగు మొద్దులు కొట్టనియ్యుండ్రి."

పెద్దనాయన ఆయన ముఖం వంక చూశాడు. అబద్ధమని ఆయనకు తెలియదా? తెలుసు. తాతకు కూడా ఆయనకు తెలుసని తెలుసు. కొంచెంసేపటికి పెద్దనాయన ఆయాసం ఆపుకుంటూ, "కొట్టు కాకా. నీకు నిద్ర వడ్తదంటె కొట్టు" అన్నాడు. పెద్దమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

తాత కట్టె కొట్టడం మొదలుపెట్టాడు. అరవై దాటిన మనిషి. ఆయన మొద్దును ఊరికే బాదేవాడు కాదు. చుట్టూ తిప్పి పగులు ఎటు ఉందో చూసి, అక్కడ ఇనుప మేకు పెట్టి సమ్మెటతో కొట్టేవాడు. కర్ర దానంతటదే విచ్చుకునేది. పెద్దమ్మ, నేను చెక్కలు ఏరి అవతల పెట్టాం. మధ్యలో ఆమె గోడ వైపున్న చెక్క ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, తాతతో అన్నట్టుగా అంది. "ఈ దిక్కు కట్టె ఎంత ఎండ కొట్టినా ఆరతలేదు కాకా. వానేమో ఎండాకాలంల వడ్డది, అది గూడ గోడ పొంటె ఒక్కదిక్కే వడ్డది."

నా చేతుల్లో ఉన్న చెక్కలు కింద పడ్డాయి. తాత నా వంక చూసి మళ్ళీ మేకు వెతుక్కున్నాడు. పెద్దమ్మ నా దగ్గరకు వచ్చి ఆ చెక్కలు తనే ఏరింది. ఏరుతూ, నాకొక్కదానికే వినబడేటట్టు చెప్పింది. "మీ తమ్మునికి తేలు కుట్టిననాడు నేను దవాఖాన దాక వచ్చిన బిడ్డా. గేటు కాడికెల్లి వాపస్ వచ్చిన. లోపలికొస్తె మీ అమ్మ ఏమంటదో అని." పొగ కమ్మిన ఆ వంట గురించి ఒక్క మాట అనలేదు. నన్ను అడగలేదు. అడిగితే ఏడ్చి ఒప్పుకుని తేలికపడేదాన్ని. ఆమె ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఈలోగా మా అమ్మ పెరట్లోకి వచ్చి గోడ అవతల ఏం జరుగుతోందో చూసింది. తన న్యాయం అడగడానికి తను పిలిపించుకున్న తండ్రి, పక్కింటివాళ్ళకు కట్టెలు కొడుతున్నాడు. కూతురు చెక్కలు మోస్తోంది. అమ్మ లోపలికి పోయి వంటింటి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు రాత్రి షిఫ్టు చేసి పడుకున్న బాపు లేచి కూర్చున్నాడు.

మధ్యాహ్నం తాత తిండికి వస్తే అమ్మ పళ్ళెం పెట్టి గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఆపుకోలేకపోయాను. పెద్దనాయనకు ఊపిరి అందడం లేదని, మూడు దెబ్బలకే కూలబడ్డాడని, అందుకే రెండేండ్లుగా మొద్దులు మిగిలిపోయాయని గబగబా చెప్పేశాను. తాత అప్పుడు మెల్లగా మిగతాది చెప్పాడు. పెద్దమ్మ ఆయనకు చెప్పుకుందట. పెద్దనాయనకు ఇంకా మూడేండ్ల సర్వీసు ఉంది. దవాఖానలో చూపించుకుంటే డ్యూటీకి పనికిరాడని రాసి ఇంటికి పంపేస్తారేమోనని ఆయన భయం. కూలివాణ్ణి పెట్టి కొట్టిద్దామంటే, లైనంతా ఏమైందని అడుగుతుందని వద్దన్నాడట. పెద్దమ్మ కట్టెలు తన ఇష్టమని అరిచింది కూడా అందుకేనట. ఆయనకు చేతకాదని అనుకునే కంటే తనకు పొగరని అనుకోవడమే నయమనుకుందట.

బాపు తల వంచుకుని, "నాకు కొద్దిగ డౌటు ఉండె. బాయికి పొయ్యేటప్పుడు తొవ్వల రెండుసార్లు ఆగుతుండె. అడుగుతె ఏమనుకుంటడో అని..." అన్నాడు.

అమ్మ అప్పుడు తిరిగింది. ఆమె ఆ రోజు అన్న మాటలు నేను ఒక్కటీ మర్చిపోలేదు.

"నీకు డౌటు ఉండె. నాయినకు మూడు దినాలల్ల తెలిసె. ఐదో తరగతి పిల్లకు గూడ తెలిసె. నాకు తప్ప అందరికీ తెలుసు. రెండేండ్లు నన్ను గయ్యాళిని జేసి నిలవెట్టిండ్రు గదా అందరు గలిసి! ఒక్క మాట చెప్తె నేను కాదంటనా? నేనేమన్న పులినా? నల్లా కాడ అంత మాట అననిచ్చిండ్రు నన్ను. చేతగానోన్ని పట్టుకొని చెయ్యి అరుగుతదా అని అంటి. ఆ మాట ఇప్పుడు ఎవలు వాపస్ తెస్తరు?"

తాత పళ్ళెంలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు. ఊళ్ళ గొడవలు తీర్చిన మనిషి, తన బిడ్డ వైపు తల కూడా ఎత్తలేదు. కాసేపటికి అమ్మే కొంగుతో ముఖం తుడుచుకుని ఆయనకు ఇంకో గరిటె పప్పు వేసింది. కానీ ఆ తర్వాత రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తాత ఆరు రోజులు కట్టెలు కొట్టాడు. బాపు సెలవు రోజున తనూ సమ్మెట పట్టాడు. పెద్దనాయన మంచం మీద కూర్చుని ఏ మొద్దు పగులు ఎటుందో చెప్పేవాడు. అంతా అయ్యాక, కింద రాళ్ళు పరిచి, గోడకు మూరెడు దూరంలో అడ్డం నిలువు పేర్చారు. కొండంత కుప్ప నా నడుము ఎత్తుకు దిగింది. దారి తెరుచుకుంది. బాపు సైకిలు వెనుక గేటులోంచి మళ్ళీ వచ్చింది. చెదలు పట్టిన దర్వాజ చట్రాన్ని వానలకు ముందే మార్పించారు.

కథ అక్కడితో సుఖంగా ముగిసిందని చెబితే అబద్ధమవుతుంది. తాత ఊరికి పోయిన రోజు పెద్దమ్మ ఒక గిన్నెలో పాయసం పంపింది. అమ్మ ఆ గిన్నె కడిగి, నా చేతికి ఖాళీగా ఇచ్చి పంపింది. ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిప్పి ఇవ్వకూడదని నాకు నేర్పింది ఆమే. ఆ గిన్నె తీసుకుని పది అడుగులు నడవడం నాకు ఎంత కష్టమైందో! పెద్దమ్మ గిన్నె లోపలికి చూసి తీసుకుంది. ఆ తర్వాతి పండుగకు మళ్ళీ ఆమే పంపింది, మళ్ళీ ఖాళీ గిన్నే పోయింది. మూడోసారి అమ్మ కాసేపు ఆలోచించి, నాలుగు నిమ్మకాయలు వేసి ఇచ్చింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. అవసరమైనంత మట్టుకే. పెద్దనాయన చివరికి మా బాపు తోడు పోతే దవాఖానలో చూపించుకున్నాడు. మందులతో సర్వీసు పూర్తి చేసుకుని, ఇద్దరూ వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారు. మాకు ప్రత్యేక రాష్ట్రం వచ్చిన ఏడాది ఆయన పోయాడని తెలిసి అమ్మ మొదటి బస్సుకే బయలుదేరింది. అక్కడ పెద్దమ్మను పట్టుకుని ఏడ్చిందట. నల్లా దగ్గర అన్న మాటకు క్షమాపణ మాత్రం అడగలేకపోయానని ఇంటికొచ్చి బాధపడింది. నేనూ అంతే. చెంబుతో నీళ్ళు పోసిన సంగతి పెద్దమ్మకు తెలుసని నాకు తెలుసు, కానీ నా నోటితో నేను ఇంతవరకు చెప్పలేదు.

మా తాత ఆ పొద్దున చేసిన పని ఎంత గొప్పదో పెద్దయిన కొద్దీ నాకు ఎక్కువగా తెలుస్తోంది. సాయం చేస్తానని కాకుండా సాయం అడుగుతూ ఒక ఇంట్లోకి పోవడం అందరికీ రాదు. కానీ నేను కూడా ఇప్పుడు ఒక ఇంటి ఇల్లాలిని. మా అమ్మ కోపం వైపు నుంచి కూడా ఆ రోజును చూడగలుగుతున్నాను. మగవాళ్ళు ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ మర్యాదగా మౌనంగా ఉంటే, ఆ మౌనానికి వెల చెల్లించింది ఆమె. మొన్న ఈ సంగతి ఎత్తితే, ఇన్నేండ్ల తర్వాత కూడా అమ్మ ముఖం ఎర్రబడింది. "మీ తాత దేవుడే. కాదంటనా? కానీ గొడ్డలి వట్టేముందు వంటింట్లకచ్చి నా చెవుల ఒక్క మాట ఎయ్యాలె గదా. నేను ఆయన బిడ్డనే గదా," అంది.

మేమిప్పుడు ఉంటున్న బిల్డింగులో పైవాళ్ళు ఏడాదిగా మెట్ల మీద పాత సామాను పెడుతున్నారు. ఎక్కలేక దిగలేక నాకూ ఒళ్ళు మండింది. రెండుసార్లు చెప్పినా వినకపోతే మూడోసారి అరవడానికే పైకి పోబోయాను. సగం మెట్ల దగ్గర ఆగాను. వాళ్ళు తీయడం లేదా, తీయలేకపోతున్నారా? తలుపు కొట్టి, అమ్మా, ఆ సామాను దింపడానికి ఒక చెయ్యి వేయనా అని అడిగాను. తలుపు తీసిన ముసలామె కాసేపు నన్ను అనుమానంగా చూసి, లోపలికి రమ్మంది. ఏం తెలిసిందో ఇక్కడ రాయను, అది ఆమె సంగతి. కానీ కిందికి దిగిన వెంటనే మా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఎవరూ ఆమె మీద నోరు చేసుకోకుండా, చెప్పవలసినంత మట్టుకు చెప్పాను. మా అత్తమ్మకు అందరికంటే ముందు చెప్పాను. పొద్దున లేస్తే ఆ మెట్ల మీద కాలు తట్టుకునేది ఆమెకే.